స్విమ్మింగ్‌లో కొట్టిన రికార్డును పుస్తకంలోకి ఎక్కించడం ఎలా?

2009 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ జాతీయ పోటీల్లో అలాన్ బెర్నార్ 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ని 46.94 సెకన్లలో ఈదేశాడు. అప్పటిదాకా 50 మీటర్ల కొలనులో ఆ దూరాన్ని 47 సెకన్లలోపు ఈదిన మనిషే లేడు. కానీ ఇవాళ ప్రపంచ రికార్డుల చరిత్ర తిరగేస్తే, 47 కిందికి దిగిన మొదటి పేరు బెర్నార్‌ది కాదు. అదే ఏడాది జులైలో రోమ్‌లో 46.91 ఈదిన సీజర్ సియెలోది. బెర్నార్ ఈతలో తప్పు లేదు, గడియారంలో తప్పు లేదు, కొలనులో తప్పు లేదు. ఒంటి మీదున్న సూట్ ఆమోదం పొందిన జాబితాలో లేదు. అంతే, ఆ టైమ్‌ని రికార్డుగా ఒప్పుకోలేదు.

మీరు కోచ్ కావచ్చు, క్లబ్ పనులు చూసుకునేవారు కావచ్చు, తెల్లారకముందే పిల్లల్ని పూల్‌కి తీసుకెళ్లే అమ్మానాన్నలు కావచ్చు. మీ స్విమ్మర్ ఏదో ఒక రికార్డుకి అర సెకను దూరంలోకి వచ్చిందంటే ఇక్కడ రాసిందంతా మీకు పనికొస్తుంది. టైమింగ్ టేబుల్ దగ్గర, పూల్ గట్టు మీద చాలా ఏళ్లు గడిపిన అనుభవంతో ఒక మాట చెబుతాను: రికార్డుని పోగొట్టే తప్పుల్లో చాలావరకు రేసు అయిపోయాక సరిదిద్దలేనివే. కాగితాలు ఆలస్యమైతే ఎలాగోలా సర్దుకోవచ్చు. కొలవని లేన్‌ని, చేయించని పరీక్షని, వేసుకున్న సూట్‌ని వెనక్కి వెళ్లి మార్చలేం. అందుకే ఈ పని రేసుకి కొన్ని వారాల ముందే మొదలుపెట్టాలి.

ఇక్కడ ప్రపంచ రికార్డు పద్ధతినే ప్రధానంగా చెబుతున్నాను, ఎందుకంటే అన్నిటికంటే కఠినమైనది అదే. జాతీయ, వయో విభాగాల రికార్డులకు మీ సమాఖ్య నియమాలు, ఫారాలు వేరుగా ఉంటాయి గానీ ఎముకల గూడు మాత్రం దాదాపు ఇదే.

మొదటి అడుగు: ఏ రికార్డు కోసమో ముందు తేల్చుకోండి

వినడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. కాదు. ఒకే ఈతకి రెండు వేర్వేరు జాబితాలున్నాయి: 50 మీటర్ల కొలనులో ఈదితే లాంగ్ కోర్స్, 25 మీటర్ల కొలనులో ఈదితే షార్ట్ కోర్స్. షార్ట్ కోర్స్‌లో మలుపులు ఎక్కువ, ప్రతి మలుపులోనూ గోడని తన్ని వేగం తెచ్చుకుంటారు కాబట్టి టైమ్‌లు తక్కువ వస్తాయి. ఈ రెండిటినీ పోల్చకూడదు. గజాల కొలనులో ఈదిన టైమ్ ఎంత గొప్పదైనా ఈ రెండు జాబితాల్లో దేనికీ పనికిరాదు.

ఈ పట్టింపు వెనక చరిత్ర ఉంది. ప్రపంచ ఈత సమాఖ్య 1908లో లండన్‌లో ఫినా పేరుతో పుట్టింది. 2022 డిసెంబరులో వరల్డ్ అక్వాటిక్స్‌గా పేరు మార్చుకుంది. తొలి రోజుల్లో రకరకాల పొడవులున్న కొలనుల్లో కొట్టిన రికార్డుల్ని కూడా ఒప్పుకునేవారు. పొట్టి కొలనులో ఈదినవాళ్లకి అదనపు మలుపుల లాభం దక్కేది. 1957లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, 50 మీటర్ల కొలను లేదా దాదాపు దానికి సమానమైన 55 గజాల కొలనులో కొట్టినవే లెక్క అన్నారు. 25 మీటర్ల కొలనుకు విడిగా ప్రపంచ రికార్డుల జాబితా 1991లో గానీ రాలేదు.

తర్వాత ఈవెంట్ చూసుకోండి. అన్ని దూరాలకీ రికార్డులు ఉండవు. లాంగ్ కోర్స్‌లో ఫ్రీస్టైల్‌కి 50 నుంచి 1500 మీటర్ల దాకా ఆరు దూరాలు, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలకి 50, 100, 200, నాలుగు రకాల ఈతల్నీ ఒకరే ఈదే ఇండివిడ్యువల్ మెడ్లీకి 200, 400. వీటికి రిలేలు అదనం. 100 మీటర్ల మెడ్లీ, 4×50 రిలేలు షార్ట్ కోర్స్‌లోనే ఉంటాయి. జూనియర్లకీ, మాస్టర్స్‌కీ (వయో విభాగాల వారీగా పోటీపడే పెద్దవాళ్లకి) జాబితాలు వేరు. మాస్టర్స్‌లో వయసుని ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి లెక్కేస్తారు, పోటీ రోజుకి కాదు. ఈ ఒక్క విషయం తెలియక తప్పు వయో విభాగంలో దరఖాస్తు పెట్టినవాళ్లని చూశాను.

కొత్తగా చేర్చిన ఈవెంట్లలో ఇంకా ఎవరి పేరూ లేకపోతే, మొదట ఈదినవాళ్లకి రికార్డు వచ్చేస్తుందనుకోకండి. సమాఖ్య ఒక లక్ష్య సమయం పెడుతుంది. దాన్ని దాటితేనే మొదటి రికార్డు.

రెండో అడుగు: కొలను పొడవు కాగితం చేతిలో పెట్టుకోండి

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. "యాభై మీటర్ల కొలనే కదా, దాన్ని మళ్లీ కొలవడమేంటి?" అంటారు చాలామంది. యాభై మీటర్లు అని బోర్డు మీద రాసి ఉంటే సరిపోదు. ప్రతి లేన్ పొడవునీ సర్వేయర్ గానీ, ఆ దేశపు సమాఖ్య ఒప్పుకున్న అర్హత గల అధికారి గానీ కొలిచి ధ్రువపత్రం ఇవ్వాలి. టచ్ ప్యాడ్‌లు, అంటే స్విమ్మర్ తాకగానే గడియారాన్ని ఆపే గోడ పలకలు, బిగించాక కూడా పూర్తి దూరం మిగలాలి. ప్యాడ్ మందం ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది కాబట్టి, కట్టేటప్పుడే ఆ మేరకు ఎక్కువ వదిలిపెడతారు. కొలత పైకి కాస్త ఉండొచ్చు, కానీ కిందికి ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గడానికి వీల్లేదు.

ఇంత పట్టుదల ఎందుకో లెక్క వేసి చూడండి. కొలను ఒక్క సెంటీమీటరు పొట్టిగా ఉందనుకోండి. 1500 మీటర్లకి ముప్పై లెంగ్త్‌లు, అంటే ముప్పై సెంటీమీటర్లు తక్కువ ఈదినట్టు. ప్రపంచ స్థాయి పురుషుల వేగం ఆ దూరంలో సెకనుకి దాదాపు 1.7 మీటర్లు. ముప్పై సెంటీమీటర్లంటే సుమారు 0.17 సెకన్లు. వందో వంతు తేడాతో రికార్డులు మారే ఆటలో అది చాలా పెద్ద మొత్తం.

కొలనుకు రెండు వైపులా స్థిరమైన గోడలే ఉంటే పాత ధ్రువపత్రం చాలు. మధ్యలో కదిపే గోడ, అంటే బల్క్‌హెడ్, ఉంటే మాత్రం కథ మారిపోతుంది. అది పొద్దున ఒక చోట, సాయంత్రం ఒక చోట ఉండొచ్చు. అదే చోట ఉన్నా, వందల మంది తన్నే తాపులకి కొద్దిగా జరగొచ్చు. అందుకే నియమం స్పష్టంగా ఉంది: రికార్డు వచ్చిన సెషన్ ముగియగానే ఆ లేన్‌ని మళ్లీ కొలిచి నిర్ధారించాలి. మర్నాడు కాదు, ఆ సెషన్ చివర్లోనే.

దీన్ని ఇంతగా నొక్కి చెప్పడానికి కారణముంది. ఒక వయో విభాగం పోటీలో నేను టైమ్‌కీపర్‌ని. ఐదో లేన్‌లో పదిహేనేళ్ల అమ్మాయి 200 బ్యాక్‌స్ట్రోక్‌లో జాతీయ వయో రికార్డుని దాటింది. గట్టు మీద అందరూ ఎగిరి గంతేశారు, ఫొటోలు తీసుకున్నారు, ఆ అమ్మాయి వాళ్ల నాన్న కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయాడు. కొలత సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ గుర్తు రాలేదు. రాత్రికి రాత్రి వాటర్ పోలో ప్రాక్టీస్ కోసం బల్క్‌హెడ్‌ని జరిపేశారు. పొద్దున ఫారం నింపుతుంటే "సెషన్ తర్వాతి కొలత" అన్న గడి ఖాళీగా మిగిలిపోయింది. దాన్ని నింపే దారి లేదు. రికార్డు రాలేదు. ఆ టైమ్ ఆమె సొంత టైమ్‌గా మాత్రం మిగిలింది.

అప్పటినుంచి నేను ఒక పని మానలేదు. బల్క్‌హెడ్ ఉన్న పూల్‌లో పోటీ అనగానే, సెషన్ ముగిశాక కొలవడానికి ఎవరొస్తారు, ఏ పరికరంతో వస్తారు అని రెఫరీని ముందే అడుగుతాను. కొలిచేది సాధారణంగా లేజర్ పరికరంతోనే. ఇద్దరు మనుషులు ఇటొకరు అటొకరు కూర్చుంటారు. ఒకరు లక్ష్యపు పలకని ప్యాడ్‌కి ఆనించి పట్టుకుంటారు, ఇంకొకరు అవతలి గోడ నుంచి ఎర్రటి చుక్కని దాని మీదికి తెస్తారు. పలక చెయ్యి వణికితే అంకె మారుతుంది, మళ్లీ తీస్తారు. నీటి మట్టానికి కాస్త పైన, కాస్త కింద కూడా చూడాలి, ఎందుకంటే గోడ పైన నిటారుగా ఉండి కింద వంగి ఉండొచ్చు. మీ స్విమ్మర్ రికార్డు దగ్గర ఉంటే ఆ పని జరిగేదాకా అక్కడి నుంచి కదలకండి.

నీళ్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. లీటరుకి 3 గ్రాముల కంటే తక్కువ ఉప్పున్న నీళ్లలోనే రికార్డు చెల్లుతుంది. ఉప్పు నీళ్లు మనిషిని పైకి తేలుస్తాయి, ఈత తేలికవుతుంది. సముద్రపు నీళ్లలో ఎంత వేగంగా ఈదినా ఈ జాబితాలోకి రాదు. నీటి ఉష్ణోగ్రత పోటీ నియమం ప్రకారం 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి.

మూడో అడుగు: పోటీకి అర్హత ఉందో లేదో చూడండి

ప్రాక్టీసులో కొట్టిన టైమ్ రికార్డు కాదు. సమాఖ్య అనుమతి ఉన్న బహిరంగ పోటీ అయి ఉండాలి, అందరూ సమానంగా ఒకేసారి మొదలయ్యే రేసు అయి ఉండాలి. ఒంటరిగా గడియారంతో పోటీ పడే టైమ్ ట్రయల్‌కి కూడా అవకాశం ఉంది. అయితే దాన్ని జనం ముందు జరపాలి, కనీసం మూడు రోజుల ముందు బహిరంగంగా ప్రకటించాలి. ఏదైనా పోటీ జరుగుతుండగా అందులో భాగంగా సమాఖ్య అనుమతితో పెట్టిన టైమ్ ట్రయల్‌కి ఆ మూడు రోజుల ప్రకటన అక్కర్లేదు. రిలే జట్టు అయితే నలుగురూ ఒకే దేశం వాళ్లు కావాలి. ఒకే క్లబ్‌లో ఈదే వేర్వేరు దేశాల నలుగురు ఎంత వేగంగా ఈదినా ప్రపంచ రికార్డుకి అది చెల్లదు.

నాలుగో అడుగు: సూట్‌ని ఇంట్లోనే సరిచూసుకోండి

2008, 2009ల్లో ఒంటిని బిగపట్టి నీళ్లలో తేలికగా జారిపోయేలా చేసే పాలీయురేథేన్ సూట్‌లు వచ్చాయి. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లోనే 43 ప్రపంచ రికార్డులు పడ్డాయి. మనిషి ఈదుతున్నాడా, సూట్ ఈదుతోందా అన్న ప్రశ్న గట్టిగా లేచింది. 2010 జనవరి 1 నుంచి బట్టతో నేసినవే వేసుకోవాలన్నారు. మగవాళ్లకి బొడ్డు పైకి, మోకాలు కిందికి పోకూడదు. ఆడవాళ్లకి భుజాల నుంచి మోకాలి దాకా. జిప్పులు లేవు. ఆ రోజుల్లో ఆమోదం పొందిన రికార్డుల్ని మాత్రం చెరిపేయలేదు. అది సరైన పనే అని నేననుకుంటాను, ఎందుకంటే ఆ స్విమ్మర్లు ఆనాటి నియమం ప్రకారమే ఈదారు.

నియమం ప్రకారం ఈదనివాళ్ల సంగతి వేరు. బెర్నార్ గురించి పైన చెప్పాను. అదే ఏడాది మే నెలలో జపాన్‌కి చెందిన ర్యోసుకే ఇరియే 200 బ్యాక్‌స్ట్రోక్‌ని 1:52.86లో ఈదాడు, అప్పటి ప్రపంచ రికార్డు కంటే వేగంగా. సూట్ కారణంగానే అదీ ఆమోదం పొందలేదు. అంతకుముందు మార్చిలో స్వీడన్‌కి చెందిన తెరేస్ ఆల్షమార్ 50 బటర్‌ఫ్లైలో రికార్డు టైమ్ కొట్టి, ఒకదాని మీద ఒకటి రెండు సూట్‌లు వేసుకున్నందుకు అనర్హత పొందింది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ. రేసులో వేసుకోబోయే సూట్ మీద ఆమోదపు గుర్తు ఉందో లేదో చూడండి. ఆ మోడల్ పేరు వరల్డ్ అక్వాటిక్స్ జాబితాలో ఉందో లేదో వెతికి, ఆ పేజీని దాచుకోండి. ఒక్కటే సూట్ వేసుకోవాలి. కుట్టించి మార్చకూడదు. ఒంటికి అంటించే టేప్ ఏదైనా ఉంటే రెఫరీకి ముందే చూపించి అనుమతి తీసుకోండి. పాత సూట్‌లు కొనుక్కునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అంగట్లో దొరికినంత మాత్రాన జాబితాలో ఉన్నట్టు కాదు.

ఐదో అడుగు: గడియారం ఎవరిదో తెలుసుకోండి

ప్రపంచ రికార్డుకి చేతి గడియారం పనికిరాదు. టచ్ ప్యాడ్, స్టార్ట్ సిగ్నల్ కలిపి పనిచేసే ఆటోమేటిక్ పరికరం చెప్పిన టైమే చెల్లుతుంది. అది మొరాయిస్తే, టైమ్‌కీపర్లు బటన్ నొక్కగా వచ్చే సెమీ ఆటోమేటిక్ టైమ్‌ని తీసుకుంటారు. ఆ లేన్ బటన్ల దగ్గర మనుషులు కూర్చున్నారో లేదో గమనించండి. చిన్న పోటీల్లో "ప్యాడ్ ఉందిగా" అని బటన్లు వదిలేస్తుంటారు. స్విమ్మర్‌కి మాత్రం ఒకటే మాట చెప్పండి: గోడని తాకితే సరిపోదు, నొక్కాలి. 2008 బీజింగ్‌లో మైకేల్ ఫెల్ప్స్ 100 బటర్‌ఫ్లైని 50.58తో గెలిచాడు, మిలొరాద్ చావిచ్ 50.59. చావిచ్ చేతులు చాచి జారుతూ వచ్చాడు, ఫెల్ప్స్ చివర్లో ఇంకో సగం స్ట్రోక్ వేసి గోడని కొట్టాడు.

టైమ్‌ని సెకనులో వందో వంతు దాకానే చూస్తారు. వెయ్యో వంతు దాకా కొలిచే శక్తి యంత్రాలకి లేక కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మెడ్లీని స్వీడన్‌కి చెందిన గున్నార్ లార్సన్ 4:31.981తో, అమెరికాకి చెందిన టిమ్ మెక్కీ 4:31.983తో ముగించారు. వెయ్యిలో రెండు వంతుల తేడాతో బంగారు పతకం నిర్ణయమైపోయింది. ఆ వేగంతో ఆ తేడా విలువ మూడు మిల్లీమీటర్లు. లేన్‌కీ లేన్‌కీ మధ్య కొలతలో అంత తేడా ఉండే వీలున్నప్పుడు, మూడు మిల్లీమీటర్లకి ఒకడు గెలిచాడనడం న్యాయం కాదు. ఆ తర్వాత వందో వంతు దగ్గరే ఆపేశారు. అందుకే ఈతలో టైలు, అంటే ఇద్దరి టైమ్ సమానం కావడం, ఎక్కువ. అందుకే పాత రికార్డుకి సమానంగా ఈదినా మీకు పేరొస్తుంది, ఇద్దర్నీ ఉమ్మడి రికార్డుదారులుగా రాస్తారు. షార్ట్ కోర్స్ 50 బటర్‌ఫ్లైలో బ్రెజిల్‌కి చెందిన నికొలస్ శాంటోస్ 2018లో 21.75 ఈదితే, హంగరీకి చెందిన సెబాస్టియన్ సాబో 2021లో సరిగ్గా అదే 21.75 ఈది పక్కన చేరాడు.

కాబట్టి "సమానమే కదా, రికార్డు ఎక్కడ బద్దలైంది" అని దరఖాస్తు మానేయకండి.

ఇక ఒక చేదు నియమం. ఆ రేసులో గెలిచినవాళ్ల టైమ్‌నే రికార్డుకి పంపవచ్చు. ఇద్దరూ పాత రికార్డుని దాటారనుకోండి, రెండో స్థానంలో వచ్చినవాళ్లకి ఏమీ దక్కదు. టై అయితే ఇద్దరూ విజేతలే.

రిలేలోనూ, మధ్య దూరంలోనూ దాగున్న రికార్డులు

కోచ్‌లు కూడా వదిలేసే అవకాశాలు రెండున్నాయి. రిలేలో మొదటి స్విమ్మర్ స్టార్ట్ సిగ్నల్‌కే దూకుతారు కాబట్టి, ఆ టైమ్ వ్యక్తిగత రికార్డుకి చెల్లుతుంది. మిగతా ముగ్గురూ ముందువాళ్ల రాకని చూసుకుంటూ ఊపుతో దూకుతారు, అందుకే వాళ్లవి చెల్లవు. 2017 బుడాపెస్ట్‌లో సారా షోస్ట్రోమ్ 100 ఫ్రీస్టైల్‌ని 51.71లో ఈదింది స్వీడన్ రిలే మొదటి లెగ్‌లోనే. 2019 గ్వాంజులో రీగన్ స్మిత్ 100 బ్యాక్‌స్ట్రోక్ 57.57, 2024 దోహాలో పాన్ జాన్‌లే 100 ఫ్రీస్టైల్ 46.80 కూడా అలా వచ్చినవే. ఆ తర్వాత జట్టులో ఇంకొకరు తప్పు చేసి రిలే అనర్హత పొందినా మొదటి స్విమ్మర్ రికార్డు పోదు. ఆడ, మగ కలిసి ఈదే మిక్స్‌డ్ రిలేలకి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

రెండోది మధ్య దూరం. 1500 ఈదుతూ మొదటి 800ని రికార్డు టైమ్‌లో దాటితే దానికీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆటోమేటిక్ పరికరం ఆ స్ప్లిట్‌ని నమోదు చేసి ఉండాలి, లేదా ఆ దూరాన్ని ప్రత్యేకంగా టైమ్ చేయమని కోచ్ గానీ మేనేజర్ గానీ స్విమ్మర్ గానీ రెఫరీని ముందే అడిగి ఉండాలి. మొత్తం రేసుని నియమబద్ధంగా పూర్తి చేయడం తప్పనిసరి. 800 దగ్గర రికార్డు పడిందని అక్కడే ఆగిపోతే మొత్తం పోయినట్టే.

ఆరో అడుగు: రేసయ్యాక మొదటి గంట

రికార్డు పడిన క్షణం నుంచి స్విమ్మర్ మనసు గాల్లో ఉంటుంది. ఎవరో ఒకరు కాళ్లు నేల మీద పెట్టుకుని ఉండాలి. అది మీరే.

డోపింగ్ పరీక్షలో ఏమీ లేదని తేలిన ధ్రువపత్రం లేకుండా ప్రపంచ రికార్డు ఒప్పుకోరు. రిలే అయితే నలుగురికీ పరీక్ష ఉండాలి. పెద్ద పోటీల్లో డోపింగ్ అధికారులు ఉంటారు. చిన్న పోటీల్లో ఉండకపోవచ్చు. మీ స్విమ్మర్ రికార్డు కొట్టే అవకాశం ఉందని మీకు తెలిస్తే, పోటీకి ముందే సమాఖ్యకి చెప్పి అధికారుల్ని ఏర్పాటు చేయించుకోండి. రికార్డు పడ్డాక ఫోన్లు చేసుకుంటూ వెతికితే ఆలస్యమైపోతుంది.

లోపల ఏం జరుగుతుందో పిల్లలకి ముందే చెప్పి ఉంచితే టెన్షన్ తగ్గుతుంది. ఒక అధికారి వచ్చి నోటీసు ఇచ్చి సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత తోడుగా ఒకరు, షాపరోన్ అంటారు, కళ్లు పక్కకి తిప్పకుండా వెంటే ఉంటారు. వార్మ్ డౌన్‌కి, పతకాల వేదికకి వెళ్లొచ్చు, కానీ ఆ మనిషి కూడా వస్తారు. గదిలో సీల్ వేసిన కిట్‌లు చాలా ఉంటాయి, స్విమ్మరే ఒకటి ఎంచుకోవాలి. సీల్ చిరగలేదని చూసుకోవాలి. ఒకరి ఎదుటే మూత్రం నమూనా ఇవ్వాలి, కనీసం 90 మిల్లీలీటర్లు. దాన్ని స్విమ్మర్ చేతులతోనే ఏ, బి అని రెండు సీసాల్లో పోసి బిగించాలి. సీసా మీది నంబరూ ఫారం మీది నంబరూ ఒకటేనా అని అంకె అంకె చదివి చూడమనండి. గత వారం రోజుల్లో వేసుకున్న మందులు, సప్లిమెంట్లు అన్నీ రాయాలి. తొందరపడి లీటర్ల కొద్దీ నీళ్లు తాగించకండి. నమూనా మరీ పలచబడితే మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది, అర్ధరాత్రి దాకా ఆ గదిలోనే కూర్చోవాలి. మైనర్ అయితే వెంట పెద్దవాళ్లు ఒకరు ఉండే హక్కుంది, వాడుకోండి.

ఈ నియమం వదిలేస్తే ఏమవుతుందో ఈ మధ్యే ఒక ఉదాహరణ కనిపించింది. క్రిస్టియన్ గొలోమీవ్ 50 ఫ్రీస్టైల్‌ని 20.89లో ఈదాడని, అది అప్పటికి సియెలో పేరిట ఉన్న 20.91 కంటే తక్కువని 2025 మేలో ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్ నిర్వాహకులు ప్రకటించారు. నిషేధిత మందులు వాడి, ఇప్పుడు అనుమతి లేని పాలీయురేథేన్ సూట్‌తో ఈదాడని వాళ్లే బాహాటంగా చెప్పుకున్న ఈత అది. అంకె చిన్నదే, కానీ జాబితాలో దానికి చోటు లేదు. నాకైతే ఆ నిర్ణయంలో రవ్వంత సందేహం కూడా లేదు. పొద్దున నాలుగింటికి లేచి పరీక్షలకి నిలబడి ఈదే పిల్లలకి అదే రక్షణ.

స్విమ్మర్ ఆ గదిలో ఉన్నప్పుడే మీరు బయట ఈ కాగితాలు పోగేయండి: టైమింగ్ యంత్రం నుంచి వచ్చిన అసలు ప్రింటవుట్, స్ప్లిట్‌లతో సహా, రెఫరీ, స్టార్టర్, టైమింగ్ అధికారి పేర్లూ సంతకాలూ, లేన్ కొలత పత్రం, బల్క్‌హెడ్ ఉంటే ఆ సెషన్ కొలత, సూట్ వివరాలు, పోటీ ప్రోగ్రాం, ఫలితాల షీట్. రెఫరీ ఆ రాత్రే విమానం ఎక్కి వెళ్లిపోవచ్చు. సంతకం అప్పుడే తీసుకోండి.

ఏడో అడుగు: దరఖాస్తు

ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్, ప్రపంచ కప్ పోటీల్లో కొట్టినవాటికి ఆమోదం దానంతట అదే వస్తుంది. మిగతా పోటీలన్నిటికీ నిర్ణీత ఫారం నింపాలి. ఫారం నింపే బాధ్యత పోటీ నిర్వాహకులది. స్విమ్మర్ దేశపు సమాఖ్య ప్రతినిధి, నియమాలన్నీ పాటించారని ధ్రువీకరిస్తూ దాని మీద సంతకం పెట్టాలి. డోపింగ్ ధ్రువపత్రం జత చేయాలి. రికార్డు పడిందన్న కబురు ఏడు రోజుల్లోపు, పూర్తి దరఖాస్తు పద్నాలుగు రోజుల్లోపు వరల్డ్ అక్వాటిక్స్‌కి చేరాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, నిర్వాహకులు సమాఖ్య పంపుతుందనుకుంటారు, సమాఖ్య నిర్వాహకులు పంపారనుకుంటుంది. స్విమ్మర్ దేశపు సమాఖ్య విడిగా ఉత్తరం రాసి, దరఖాస్తు సరిగా అందిందో లేదో కనుక్కోవాలని నియమం చెబుతోంది. అది రాసేలా మీరు వెంటపడండి. మూడో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి ఫోన్ చేయండి. పంపిన ప్రతి కాగితానికీ ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. విసిగిస్తున్నామేమో అని మొహమాటపడకండి. పిల్ల ఏళ్ల తరబడి పడ్డ కష్టం అది, రెండు ఫోన్ల దగ్గర వదులుకోకూడదు.

గడువు దాటిపోతే? అప్పుడు కూడా తలుపు పూర్తిగా మూసుకోదు. సరైన పద్ధతిలో దరఖాస్తు వెళ్లకపోతే, స్విమ్మర్ దేశపు సమాఖ్య తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవచ్చు. విచారించి నిజమని తేలితే ఒప్పుకునే అధికారం ప్రపంచ సమాఖ్యకుంది. అయితే ఆ విచారణలో చూపించడానికి మీ దగ్గర కొలత పత్రం, ప్రింటవుట్, పరీక్ష పత్రం ఉండాలి.

ఆమోదం వచ్చేదాకా

డోపింగ్ ఫలితం రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అన్నీ సరిగ్గా ఉంటే రికార్డుని ప్రకటిస్తారు, సమాఖ్య అధ్యక్షుడి సంతకంతో డిప్లొమా పంపుతారు. రిలే అయితే నలుగురు స్విమ్మర్లకీ, ఐదోది వాళ్ల సమాఖ్యకీ. తర్వాతెప్పుడైనా డోపింగ్ నేరం రుజువై ఆ ఫలితం రద్దయితే రికార్డూ దాంతోపాటే పోతుంది.

ఆమోదం వచ్చేలోపు క్లబ్ బోర్డు మీద, పోస్టర్ల మీద, స్పాన్సర్‌కి రాసే ఉత్తరాల్లో ఆ టైమ్ పక్కన "ఆమోదం రావాల్సి ఉంది" అని రాయండి. ఇంట్లో మాత్రం ఆ రాత్రే మిఠాయి పంచుకోండి. ఆమె అంత వేగంగా ఈదిందన్నది ఏ కాగితం వచ్చినా రాకపోయినా నిజమే, ఆ మాట మీరు ఆమెతో పైకి చెప్పాలి.